పగలు తినని తిండి రాత్రి అడుగుతోంది

భీమవరం దగ్గరి ఊరి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 37. భర్త చెరువులు కౌలుకు తీసుకుని వనామీ రొయ్య వేస్తున్నారు. ఒక పంటకి తెల్లమచ్చ తెగులు సోకి, అమ్మే సైజుకి (కౌంటుకి) రాకుండానే పట్టేయాల్సి వచ్చింది. తర్వాతి పంట బాగానే ఎదిగింది గానీ, 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరి ధర పడిపోయిన రోజుల్లో అమ్ముకున్నారు. మేత కొట్టులో బాకీ ఉంది, బంగారం బ్యాంకులో ఉంది. జమాఖర్చుల పుస్తకం ఆవిడే రాస్తారు, బాకీ వాళ్ల ఫోన్లూ ఆవిడే ఎత్తుతారు.

ఆవిడ మాటల్లోనే కొంత: "ఐదింటికి లేచి టీ తాగుతాను. పిల్లలిద్దరికీ, అత్తయ్యగారికీ టిఫిన్ పెట్టేసరికి తొమ్మిది. నాకు మళ్లీ టీ. ఇడ్లీ మిగిలితే ఒకటి. అందరి భోజనాలూ అయ్యాక రెండున్నరకి నేను తింటాను. రోజు మొత్తం మీద ఆరు టీలు అవుతాయి. ఎనిమిదింటికి అత్తయ్యగారితో కలిసి భోంచేస్తాను. పదకొండింటికి మావారు చెరువు దగ్గర్నుంచి వచ్చి తింటుంటే ఆయన పక్కన కూర్చుని మళ్లీ నాలుగు ముద్దలు తింటాను. మేమిద్దరం మాట్లాడుకునేది ఆ పావుగంటే. ఆయన తిరిగి గట్టు మీదికి వెళ్లిపోయాక నాకు నిద్ర పట్టదు. కరెంటు పోతే చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయేమోనని, పొద్దున్నే ఎవరు ఫోన్ చేస్తారోనని. వంటింట్లోకి వెళ్లి కాజాలు, మిక్చరు, బెల్లం, ఏది దొరికితే అది తింటాను. చల్లారిన అన్నంలో ఆవకాయ కలుపుకుని గిన్నె ఖాళీ చేసిన రాత్రులున్నాయి. తిన్నాక నా మీద నాకే అసహ్యం."

ఏడాదిన్నరలో 11 కిలోలు పెరిగారు. ఈమధ్య చేయించిన పరీక్షల్లో మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1, హిమోగ్లోబిన్ 9.6 వచ్చాయి. మెట్లెక్కితే దడ, ఆయాసం, రోజంతా నీరసం. అంతా టెన్షన్ వల్లే అనుకుంటున్నారు. వీడియో చూసి మూడు వారాలు అన్నం పూర్తిగా మానేశారు. నాలుగో వారం అంతకు రెండింతలు తిన్నారు. శనివారాలు ఉపవాసం ఉంటారు, ఆ రాత్రే ఎక్కువ తింటున్నారు. భర్త ఒకసారి "నోరు కట్టుకోలేవా" అన్నారు. పద్నాలుగేళ్ల కూతురు ఒక రాత్రి లేచి వచ్చి, "అమ్మా, ఏడుస్తూ ఎందుకు తింటున్నావ్?" అని అడిగింది. చివర్లో రెండు ప్రశ్నలు రాశారు: "ఈ ఆకలిని చంపే దారి చెప్పండి. ఇది జబ్బా, నా బుద్ధి తక్కువా?"

సమాధానం

అమ్మా, రెండో ప్రశ్న ముందు చూద్దాం. బుద్ధి తక్కువ కానే కాదు. మీరు రాసిన దినచర్యని జమాఖర్చుల పుస్తకం చూసినట్టు ఒకసారి చూడండి. రాత్రి తిన్న తర్వాత మధ్యాహ్నం రెండున్నర దాకా మీ కడుపులో పడింది రెండు మూడు టీలు, ఉంటే ఒక ఇడ్లీ. ఇంటిల్లిపాదికీ వండి, వడ్డించి, లెక్కలు చూసి, బాకీ వాళ్లకి సమాధానం చెప్పే మనిషి తిన్న తిండి అది. మీ చెరువులో రొయ్యకి పొద్దున్నుంచీ మేత వేయకుండా అర్ధరాత్రి బస్తా కుమ్మరిస్తారా? మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే చూసుకుంటూ పూట పూటకీ కొంచెం కొంచెం వేస్తారు. ఆ శ్రద్ధలో సగం కూడా మీ మీద మీకు లేదు.

మీ రాత్రి ఆకలిలో రెండు కలిసిపోయాయి. పగలు తినకపోవడం వల్ల వచ్చే నిజమైన ఆకలి ఒకటి, అప్పు భయం ఇంకొకటి. మొదటిదాన్ని వంటింట్లోనే సరిచేసుకోవచ్చు, కొద్ది వారాల్లో తేడా మీకే తెలుస్తుంది. రెండోది ఏ కూరతోనూ, ఏ డైట్‌తోనూ పోదు. రెంటినీ ఒకే తప్పుగా నెత్తిన వేసుకున్నారు కాబట్టే ఇంత అసహ్యం పుట్టింది.

భయంలో ఉన్నప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. ఏదో ప్రమాదం ఉంది, శక్తి సిద్ధం చేసుకో అని శరీరం అనుకుంటుంది. కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతుంది, మనసు తీపి మీదికీ నూనె మీదికీ పోతుంది. దానికి నిద్రలేమి తోడైతే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరిగి, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. కాజా తిన్న కాసేపు మీ మనసు నెమ్మదించడం కూడా నిజమే, అది మీ భ్రమ కాదు. నిజంగా నెమ్మదిస్తుంది కాబట్టే మర్నాడు రాత్రి కాళ్లు అటే లాగుతాయి.

తిండి సంగతికి వెళ్లేముందు మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారుపెట్టిన అంకె గురించి చెప్పాలి. మీరు బరువు గురించి పేజీ రాసి, హిమోగ్లోబిన్‌ని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆడవాళ్లకి 12 ఉండాలి, మీకు 9.6 ఉంది. మెట్లెక్కితే దడ, ఆయాసం, రోజంతా నీరసం అన్నారు. వాటిని మీరు టెన్షన్ ఖాతాలో రాసుకున్నారు గానీ, అందులో చాలా భాగం రక్తం తక్కువవడం వల్లే కావచ్చు. పైగా ఐరన్ లోపం ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ అసలు కంటే కొంచెం ఎక్కువ చూపించే వీలుంది. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశ అంటారు. మీ 6.1 నిజంగా అక్కడ ఉందో లేదో తేలాలంటే పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకి ఒకసారి షుగర్ చూపించుకోవాలి. థైరాయిడ్, బీ12 కూడా చూడమని అడగండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే అది దాచకుండా చెప్పండి. 37 ఏళ్లకి హిమోగ్లోబిన్ ఇంత తగ్గితే దానికి ఓ కారణం ఉంటుంది, ఐరన్ మాత్రలు మింగి ఊరుకోకుండా ఆ కారణం కనుక్కోవాలి.

ఇప్పుడు టీ. తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వని గుణం టీలో ఉంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ వద్దంది. రోజుకి 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటొద్దనీ, కప్పు టీలో 30 నుంచి 65 దాకా ఉంటుందనీ చెప్పింది. మీ ఆరు కప్పులు స్ట్రాంగ్‌గా ఉంటే ఆ గీత దాటేసినట్టే. సాయంత్రం ఐదింటికి తాగిన టీలో కెఫీన్ సగం దాకా రాత్రి పదింటికీ మీ ఒంట్లోనే ఉంటుంది. నిద్ర పట్టకపోవడానికి అప్పు ఒక్కటే కారణం కాదు. మన ఊళ్లలో మామూలుగా కప్పుకి పడే రెండు చెంచాల పంచదార లెక్కేసినా ఆరు కప్పులకి పన్నెండు చెంచాలు, దాదాపు 50 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు ఉంటే మంచిదంటుంది.

ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజులు తలపోటు, చిరాకు తప్పవు. ఆ చిరాకులో మళ్లీ కాజా డబ్బా మూత తీస్తారు. వారానికో కప్పు తగ్గించుకుంటూ పోతే నెలరోజులు పడుతుంది గానీ నిలబడుతుంది. ఏ దారి పట్టినా మధ్యాహ్నం మూడు గంటలు దాటాక మాత్రం టీ వద్దు. ఆ వేళకి మజ్జిగలో అల్లం, కరివేపాకు, నిమ్మరసం వేసుకోండి. పొద్దున ఐదింటి టీ మీకు ప్రాణమని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. అది ఉండనివ్వండి.

అసలు మార్పు రావాల్సింది పొద్దున. ఎనిమిదిన్నరలోపు, కూర్చుని, పళ్లెంలో వడ్డించుకుని తినాలి. ఏం తినాలన్నదానికి మన వైపు కరువేముంది? పొట్టుతో ఉన్న పెసలు నానబోసి రుబ్బిన పెసరట్టు రెండు తింటే పప్పు తిన్నంత బలం. మీరు తింటారంటే గుడ్డు ఉడకబెట్టుకోండి, చవగ్గా దొరికే మంచి మాంసకృత్తులు అందులో ఉన్నాయి. ఎండాకాలం రాత్రి అన్నంలో నీళ్లు, కాస్త మజ్జిగ పోసి ఉంచి, పొద్దున పెరుగు, ఉల్లిపాయతో తింటే కడుపు చల్లగా ఉంటుంది. పక్కన గుప్పెడు ఉడికిన శనగలో గుడ్డో ఉంటే రెండింటి దాకా ఆగుతుంది. పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి ఉడికించే పొట్టిక్కలైనా పరవాలేదు, కొబ్బరి పచ్చడితో పాటు గిన్నెడు సాంబారు ఉంటే మంచిది.

చిక్కు వంటకాల్లో లేదని నాకు తెలుసు. అందరికీ పెట్టాక తినడం మీకు అలవాటైపోయింది, బహుశా మీ అత్తగారూ అలాగే బతికారు. ఇక్కడ మీకు రెండు మూడు దారులున్నాయి. పిల్లలతో పాటు కూర్చుని తినేయడం ఒకటి. నాలుగు రోజులు ఇంట్లో ఎవరో ఒకరు ఏదో అంటారు, తర్వాత అదే రివాజు అవుతుంది. అత్తగారికి రక్తపరీక్ష కాగితం చూపించి, "రక్తం బాగా తక్కువైందండీ, పొద్దున్నే తినాలి" అని ఆవిడ సాయం అడగడం ఇంకొకటి. చాలామంది పెద్దవాళ్లు ఇలా అడిగితే కరిగిపోతారు, మీరు తినేదాకా వదలరు. కాకపోతే ఆ తర్వాత మీ ప్రతి ముద్దా ఆవిడ కళ్లలో ఉంటుంది, అది మీరు ఓర్చుకోగలరో లేదో చూసుకోండి. వంటింట్లో నిలబడి చప్పుడు కాకుండా తినేయడం మూడోది, అన్నిటికంటే సులువు. నాకు అది ఇష్టం లేదు. దాక్కుని తినడమే కదా మిమ్మల్ని ఇప్పుడు ఏడిపిస్తున్నది.

అన్నం మాత్రం మళ్లీ మానేయకండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వరిచేలైన నేల మనది. పుట్టినప్పటి నుంచీ తిన్న అన్నం మానేసి, అందరికీ వండిపెడుతూ మీరొక్కరే ఎండు చపాతీ నములుతుంటే మూడు వారాలు నిలబడ్డారంటేనే గొప్ప. అన్నం తగ్గాలి, పక్కది పెరగాలి. ఇప్పుడు కంచంలో కొండంత అన్నం, దానికి అంచుకి కూర. కంచంలో సగం బీరకాయో, సొరకాయో, ములక్కాడో, తోటకూరో పెట్టుకుని, మిగతా సగంలో అన్నం కొంత, పప్పు గానీ చేప గానీ కొంత పెట్టుకోండి. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండితే ఐరన్ బాగా పడుతుంది. గోదావరి చిన్న చేపలు పులుసు పెట్టుకున్నా మంచిదే. ఆవకాయ కంచానికి అంచున ఉండాలి, అన్నం అంతటికీ అదే ఆధారం కాకూడదు.

పదకొండింటి భోజనం దగ్గరికి వచ్చేసరికి నేను చాలాసేపు ఆగిపోయాను. రెండో భోజనం మానేయమని చెప్పడం ఎవరికైనా సులువే. కానీ మీరు అక్కడ తింటున్నది ఆయనతో గడిపే పావుగంట కోసం. దాన్ని తీసేస్తే మీకు మిగిలేది ఒంటరి భయం, దాంతో కాజా డబ్బా ఇంకా దగ్గరవుతుంది. కాబట్టి ఆ పావుగంట ఉండాలి, అందులో రెండో భోజనం లేకుండా చూసుకోవాలి.

మీరు ఎనిమిదింటికి తినేసి, ఆయన తింటున్నప్పుడు గ్లాసుడు పల్చటి మజ్జిగతో పక్కన కూర్చోవచ్చు. మొదట్లో ఆయన "ఒక ముద్ద తిను" అంటారు, మీకూ చెయ్యి లాగుతుంది. ఎనిమిదింటి భోజనం మానేసి పదకొండింటికి ఆయనతోనే తినడం ఇంకోటి. ప్రేమగానే ఉంటుంది గానీ, అంతరాత్రి తిని పడుకోవడం మీ షుగర్‌కి మంచిది కాదు, అత్తగారికి తోడూ పోతుంది. ఆయనే ఎనిమిదింటికి వచ్చి అందరితో తిని మళ్లీ చెరువుకి వెళ్లగలరేమో కూడా అడిగి చూడండి. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున అడుగంటుతుంది, ఆయన గట్టు మీద తప్పనిసరిగా ఉండాల్సింది అప్పుడు. మేత వేళలు కుదిరి, సాయంత్రం గంటసేపు చూసుకునే మనిషి ఉంటే ఇది అన్నిటికంటే మంచిది, ఆయన ఒంటికీ మంచిదే. మనిషిని పెట్టుకునే స్థోమత ఈ పంటకి లేదంటే మొదటి దారే.

"నోరు కట్టుకోలేవా" అన్న మాట గుచ్చుకుంది, నాకూ గుచ్చుకుంది. ఆయనకి మీ రాత్రుల సంగతి సగమే తెలుసనిపిస్తోంది. "నాకు ఆకలి కాదండీ, భయం వేస్తోంది. అప్పుడు తింటున్నాను" అని ఒక్కసారి చెప్పండి. అన్నం దగ్గర వద్దు, ఆదివారం పగలు ఎప్పుడైనా చెప్పండి. అదే మాటలో ఫోన్ల సంగతీ తేల్చుకోండి. బాకీ ఇద్దరిదీ అయినప్పుడు ఫోన్ ఎత్తే పని మీ ఒక్కరిదే ఎందుకయింది? "పది నుంచి పన్నెండు దాకా మాట్లాడతాం, మిగతా వేళల్లో ఎత్తం" అని ఇద్దరూ కలిసి కొట్టుకి వెళ్లి చెప్పవచ్చు. వాళ్లు మొహం మాడ్చుకోవచ్చు, వచ్చే పంటకి అరువు బిగించనూ వచ్చు. ఎంత, ఎప్పుడు ఇవ్వగలరో కాగితం మీద రాసి తీసుకెళ్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. వచ్చే పంట వేయాలా, కొన్ని చెరువులు వదిలేయాలా అన్నది నేను చెప్పగలిగింది కాదు, కౌలు లెక్కలు మీ దగ్గరే ఉన్నాయి. ఒక్కటి చెప్తాను. 2011లో కోనసీమలో వరి రైతులే గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించారు. ఒక పంట ఆగితే పరువు పోదు. ఆ మాట మీ ఇంట్లో పైకి అనగలగడమే మీ భయాన్ని కొంత దించుతుంది.

ఇక అర్ధరాత్రి. పొద్దున తిండి, టీ సర్దుకున్నాక కూడా కొన్ని రాత్రులు లేస్తారు. అప్పుడు "ఎక్కడ ఉంది ఇది, కడుపులోనా గుండెలోనా?" అని అడుక్కోండి. కడుపులోనైతే లైటు వేసుకుని, కూర్చుని, జామకాయో వేయించిన శనగలో గిన్నెడు పెరుగో తినండి. అది తప్పు కాదు. గుండెలోనైతే జమాఖర్చుల పుస్తకం వెనక పేజీలో ఆ భయం రాసి పెట్టండి, అంకెతో సహా: ఎవరికి, ఎంత, ఎప్పటికి. దాని సంగతి రేపు పదింటికి చూస్తానని రాసి మూసేయండి. రాసినంత మాత్రాన భయం పోదు, కానీ రాత్రి రెండింటికి చేయగలిగిన పని అంతవరకే.

కాజాలు ఇంట్లోకే రానివ్వకపోతే కొందరికి మేలే. మీ ఇంట్లో పిల్లలూ పెద్దావిడా ఉన్నారు, పూర్తిగా బంద్ చేస్తే గొడవలవుతాయి, మీకూ ఆశ పెరుగుతుంది. కొద్దిగా తెప్పించి, సాయంత్రం నాలుగింటికి పిల్లలతో కూర్చుని ఒకటి తినండి. అందరి ఎదుటా తిన్న కాజా మిమ్మల్ని రాత్రి ఏడిపించదు.

శనివారం ఉపవాసం దేవుడికి మొక్కుకున్నది, మానేయమని నేను అనను. కటిక ఉపవాసం వద్దు, ఫలహారం చేసుకోండి. పొద్దున పాలు, చక్కెరకేళీ అరటిపండు, మధ్యాహ్నం ఉడికించిన శనగలు, పెరుగు. డాక్టరుగారు షుగర్ మాత్ర రాస్తే మాత్రం ఉపవాసం సంగతి వారికి చెప్పి, వారు చెప్పినట్టే చేయండి.

మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకి మీరేం చెప్పారో రాయలేదు. "అప్పు గురించి భయమేసి తింటున్నానమ్మా, తగ్గించుకోవడానికి సాయం తీసుకుంటున్నాను" అని నిజం చెప్పండి. పద్నాలుగేళ్ల పిల్లకి అర్థమవుతుంది. అద్దం ముందు మీ ఒంటిని మీరు తిట్టుకోవడం ఆ పిల్ల వినకూడదు. అలాగని రాత్రి మీరు తింటున్నారేమో చూసే కాపలా పని దానికి అప్పగించకండి.

జబ్బా అన్నారు. ఒక్కసారిగా చాలా తినేయడం, ఆపుకోలేననిపించడం, దాచుకోవడం, తర్వాత అసహ్యం, ఇవి వారానికి ఒక్కసారైనా మూడు నెలలుగా ఉంటే దానికి వైద్యంలో పేరుంది, చికిత్స ఉంది. మీ ఉత్తరం చూస్తే ఆ హద్దుకి దగ్గర్లో ఉన్నారనిపిస్తోంది. పొద్దున తిండి మొదలుపెట్టిన నెలకీ ఈ రాత్రులు తగ్గకపోతే మానసిక వైద్యుల్ని కలవండి. తిన్నది కక్కేయాలనిపించినా, బతకడం ఎందుకనిపించినా నెల ఆగకండి, ఆ పూటే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్, డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ వారం మీరు చేయాల్సిన మొదటి పని డాక్టరు దగ్గరికి వెళ్లడం. వెళ్లేటప్పుడు కాగితం మీద రాసుకెళ్లండి, అక్కడికి వెళ్లాక సగం మర్చిపోతాం. దడ ఎప్పుడు వస్తోంది, నెలసరి ఎన్ని రోజులు ఉంటోంది, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, రోజుకి ఎన్ని టీలు, రాత్రి తిండి సంగతి, అన్నీ. హిమోగ్లోబిన్ అన్నిటికంటే పైన రాయండి. బరువు ఆఖరున రాసినా చాలు, రక్తం పట్టి, నిద్ర పట్టాక దాని సంగతి చూడొచ్చు.